మాటే ఆయుధమైన చోట: యోరూబా చిత్రం ‘జాగున్ జాగున్’ బలాలు, లోపాలు

2023 ఆగస్టు 10న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన నైజీరియా చిత్రం ‘జాగున్ జాగున్’ మీద పూర్తిగా ఎదురెదురుగా నిలిచే రెండు అభిప్రాయాలకు తావుంది. యోరూబా భాషా సంపదను తెర మీద ఇంత నిండుగా చూపిన చిత్రాలు అరుదని ఒక పక్షం అనవచ్చు. కత్తి దూసిన వీరుడు కత్తి ఆపి గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతూ నిలబడతాడని, మాయలూ మంత్రాలూ చౌకబారుగా ఉన్నాయని, ఇది యాక్షన్ చిత్రం ఎలా అవుతుందని రెండో పక్షం అడగవచ్చు. విచిత్రమేమిటంటే, ఈ ఇద్దరూ చాలాసార్లు ఒకే సన్నివేశం గురించి మాట్లాడుతుంటారు. కాబట్టి చిత్రం బాగుందా లేదా అని తేల్చడానికి ముందు, అందులో లోపంగా కనిపించే ప్రతిదాన్నీ ఏ కొలతతో కొలుస్తున్నామో చూడవలసి ఉంటుంది. కొన్ని లోపాలు మనకు ఆ సంప్రదాయం తెలియకపోవడం వల్ల కలిగే భ్రమలు. కొన్ని అనువాదంలో జరిగిన నష్టాలు. మరికొన్ని మాత్రం ఆ సంప్రదాయం తెలిసిన ప్రేక్షకుడికి కూడా లోపాలే.

‘ఎపిక్’ అంటే అక్కడ అర్థం వేరు

ఎపిక్ అనగానే మనకు రామాయణ భారతాల వంటి మహాకావ్యాలు గుర్తుకొస్తాయి. నైజీరియా చిత్ర పరిశ్రమలో ఆ మాట వాడుక వేరు. ఆంగ్లేయుల పాలనకు ముందటి కాలాన్ని, అంటే రాజులు, మట్టిగోడల ఇళ్లు, నేత బట్టలు, గుర్రాలు, ఆకుపసరుల కాలాన్ని చూపే చిత్రాన్ని అక్కడ ఎపిక్ అంటారు. అది ఒక మూలగ్రంథం మీద ఆధారపడి ఉండాలన్న నియమం లేదు. సాంఘికం, పౌరాణికం, జానపదం అని చిత్రాలను విడదీసే మన అలవాటుతో చూస్తే ఇది జానపదానికి దగ్గరగా వస్తుంది. పేరున్న చరిత్ర కాదు, పురాణమూ కాదు, కల్పిత రాజ్యాల కథ. విఠలాచార్య చిత్రాలు చూసి పెరిగిన తెలుగువారికి ఈ తరహా కొత్తది కాదు.

నాలీవుడ్ అన్న ఒక్క పేరు కింద లెక్కవేస్తున్నా, నైజీరియాలో చిత్ర నిర్మాణం భాషలను బట్టి వేర్వేరు పాయలుగా నడుస్తుంది. ఉత్తరాన కానో నగరం కేంద్రంగా హౌసా చిత్రాలున్నాయి. 1990ల వీడియో విప్లవానికి నాంది పలికిన చిత్రాల్లో ఇగ్బో భాషా చిత్రం ప్రముఖమైనది. నైరుతి ప్రాంతంలోని యోరూబా పాయ వీటికన్నా పాతది; దాని మూలాలు వీడియో క్యాసెట్లకు చాలా ముందు, ఊరూరా తిరిగిన నాటక సమాజాల్లో ఉన్నాయి.

కథ, అవసరమైనంత మేరకు

జాగున్‌జాగున్ అంటే యోధుడు. గ్బోతిజా (లతీఫ్ అదెదిమెజి) అనే యువకుడికి చెట్లతో మాట్లాడగల శక్తి పుట్టుకతో వచ్చింది. తండ్రి మరణానికి బదులు తీర్చుకునే బలం కోసం అతడు ఒగుందిజి (ఫెమి అదెబాయో) నడిపే యుద్ధ శిబిరంలో చేరతాడు. ఒగుందిజి రాజు కాదు, కానీ రాజులను కూల్చి తనకు నచ్చినవారిని గద్దె ఎక్కించేవాడు. కొత్తగా వచ్చిన కుర్రవాడి ప్రతిభ తనను మించిపోతుందన్న భయం పుట్టిన క్షణం నుంచి ఆ గురువే అతడిని పరీక్షల మీద పరీక్షలకు గురిచేస్తాడు. మధ్యలో ఒగుందిజి ఇంట పెరిగిన ఇరోయినోగున్‌కితాన్ (బుకున్మి ఒలువాసినా) అనే యువతితో గ్బోతిజా ప్రేమలో పడతాడు. ఆగెమో అనే ముసుగు యోధశక్తి ఒగుందిజి చేతిలోని భయంకరమైన ఆయుధం. దాని వెనుక రహస్యాన్ని ఇక్కడ విప్పడం చూడబోయేవారికి అన్యాయం చేయడమే అవుతుంది. అదెబాయో తిజాని రాసిన ఈ కథకు ఆయనా, తోపె అదెబాయో కలిసి దర్శకత్వం వహించారు. నిర్మాత ఫెమి అదెబాయో.

ఈ కథకు కాలం, ఊరు చిత్రం చెప్పదు. అయినా ఒగుందిజి వంటి మనిషి గాలిలోంచి పుట్టలేదు. 19వ శతాబ్దంలో యోరూబాల ఒయో సామ్రాజ్యం విచ్ఛిన్నమయ్యాక ఆ నేల దశాబ్దాల తరబడి యుద్ధాలతో అల్లాడింది. ఇబదాన్ నగరం 1829 ప్రాంతంలో ఒక సైనిక శిబిరంగానే మొదలైంది. అక్కడ రాజవంశం కన్నా యుద్ధనాయకులదే పెత్తనం. ఒక్కొక్కరి వెంట సొంత యోధుల దండు ఉండేది. యోరూబా రాజ్యాల మధ్యనే 1877లో మొదలైన కిరిజి యుద్ధం 1893 దాకా, అంటే పదహారేళ్లు సాగింది. యుద్ధమే జీవనోపాధి అయిన సమాజంలో శాంతి కోరేవాడు ఏమవుతాడన్న ప్రశ్న ఆ చరిత్రలోంచి వచ్చినదే, చిత్రానికి బరువు ఇచ్చేది కూడా అదే. కథానాయిక పేరులోనే అది వినిపిస్తుంది: ‘ఇరోయిన్ ఒగున్ కీ తాన్’ అంటే యుద్ధవార్తలకు ముగింపు ఉండదని.

తండ్రుల రంగస్థలం, కొడుకుల తెర

యోరూబా చిత్రాల నటన, మాటతీరు ఎందుకలా ఉంటాయో తెలియాలంటే అలరింజో అనే సంచార నాటక సంప్రదాయం గురించి తెలియాలి. పితృదేవతలకు సంబంధించిన ఎగుంగున్ ముసుగు వేషాల నుంచి అది పుట్టిందని పండితులు చెబుతారు. పాట, నృత్యం, డప్పు, వంశస్తుతి, హాస్యం అన్నీ అందులో కలగలిసి ఉండేవి. 1940లలో హ్యూబర్ట్ ఒగుండె వృత్తి నాటక సమాజం స్థాపించి ఆ ధోరణికి ఆధునిక రూపమిచ్చాడు. 1970ల చివర ఆయనే నాటకాలను సినిమాలుగా మలిచాడు. మన సురభి వారి ప్రయాణం తెలిసినవారికి ఆ ఊరూరి తిరుగుడు, ఒకే కుటుంబంలో తరతరాల నటన సులభంగా అర్థమవుతాయి.

ఇప్పటి చిత్రాల్లో ఆ వారసత్వం రూపకాలంకారం కాదు, అక్షరాలా నిజం. ‘జాగున్ జాగున్’ నిర్మాత ఫెమి అదెబాయో, దర్శకుల్లో ఒకరైన తోపె అదెబాయో ఇద్దరూ పాత తరం నటుడు అదెబాయో సలామి కుమారులు. ఈ కోవలోనే 2022లో ‘అనికులాపో’ తీసిన కున్లె అఫోలయన్ తండ్రి, అదె లవ్‌గా పేరుపొందిన అదెయెమి అఫోలయన్, సంచార నాటకం నుంచి సినిమాకు వచ్చినవాడే. అందువల్ల ముఖాన్ని బిగించి, గొంతును ఎత్తి, ప్రేక్షకుడి వైపు తిరిగి చెప్పినట్లుండే సంభాషణ వారికి అతి కాదు. నటుడు సాధన చేసి సంపాదించిన విద్య అది. పొదుపైన, కళ్లతోనే చెప్పే నటనకు అలవాటు పడిన కన్ను దాన్ని అతినటన అనుకోవచ్చు. ఫెమి అదెబాయో ఒగుందిజిగా చేసిన నటన మీద వచ్చే భేదాభిప్రాయం చాలావరకు ఇక్కడే పుడుతుంది. నా దృష్టిలో చిత్రాన్ని మోసింది ఆయనే. నవ్వుతూ శిష్యుడిని మెచ్చుకుంటూనే వాడిని ఎలా చంపాలా అని లెక్కవేసే గురువును చూపడానికి ఆ నాటకీయ స్వరం సరిగ్గా సరిపోయింది.

పోరు మధ్యలో మాట ఎందుకు

ఇక అసలు చిక్కుముడి దగ్గరకు వద్దాం. యోధులు ఎదురుపడినప్పుడు ఒకరి మీద ఒకరు దూకకుండా మాటలు వల్లించడం చాలామంది పరదేశ ప్రేక్షకులకు విసుగు తెప్పిస్తుంది. ఆ మాటలను యోరూబాలో ఒఫో అంటారు. మంత్రం అని అనువదించుకోవచ్చు కానీ, దాని పనితీరు మన మంత్రానికి కొంత భిన్నం.

ఒఫో సాధారణంగా ఒక వాదనలా నడుస్తుంది. ముందుగా ఒక ప్రాణిని, ఆకును లేదా శక్తిని అసలు పేరుతో పిలుస్తారు. తర్వాత దాని గురించి ఎవరూ కాదనలేని సత్యాలు వరుసగా చెబుతారు. అవి ఎలా తప్పవో, ఇప్పుడు నేను చెప్పేదీ అలాగే తప్పదని ముగిస్తారు. ఇందులో కీలకం శబ్దం. ఆకు పేరులోనే చేయవలసిన పనిని సూచించే ధాతువు దాగి ఉంటుంది. ఫ్రాన్సులో పుట్టి యోరూబా ఆకువైద్యాన్ని దశాబ్దాలపాటు సేకరించిన పియెర్ వెర్జె ఈ పేరు, క్రియల బంధాన్ని విస్తారంగా నమోదు చేశాడు.

అర్థం కావడానికి తెలుగులో ఒక ఊహాత్మక ఉదాహరణ కల్పించుకుందాం. ఒక యోధుడు ఉత్తరేణి ఆకు చేత పట్టుకుని, ‘ఉత్తరేణీ, నీ పేరులో ఉత్త ఉంది, ఉత్త కుండలో నీళ్లుండవు, ఉత్త గాలికి నీడ ఉండదు, వీడు విసిరే దెబ్బ ఉత్తదే అగుగాక’ అన్నాడనుకోండి. ఇందులో అలంకారం ఉంది, తర్కం ఉంది, శాపం ఉంది. ఎదుటివాడు దీనికి లొంగకుండా ఉండాలంటే ఇంతకన్నా బలమైన సత్యంతో, ఇంతకన్నా బిగువైన శబ్దంతో బదులివ్వాలి. అంటే ఆ సన్నివేశంలో పోరు ఆగలేదు. పోరే అది. కత్తి దెబ్బ తీర్పు మాత్రమే. వాదం అప్పటికే ముగిసింది. రాయబారం పద్యాలకు వన్స్‌మోర్ కొట్టిన తెలుగు ప్రేక్షకుడికి, కథ ఆగిపోయిందని అక్కడ అనిపించలేదు కదా! కాకపోతే మన పద్యం పాత్ర ఆవేశాన్ని చెబుతుంది, వారి ఒఫో నేరుగా ప్రపంచం మీద పనిచేస్తుందన్న నమ్మకంతో పలుకుతారు.

ఒరికి అనే స్తుతిని కూడా ఇదే చూపుతో చూడాలి. మన ప్రేక్షకులు ఇప్పుడు ‘ఎలివేషన్’ అంటున్న దానికి యోరూబా సమాజంలో పాత ప్రక్రియే ఉంది. మనిషి వంశాన్ని, పూర్వీకుల పనులను, స్వభావాన్ని వర్ణనల దొంతరగా చదువుతుంటే విన్నవాడి తల పొంగుతుందని వారి భావన. నాయకుడు వస్తుంటే ఎవరో అతడి ఒరికి పాడటం నేపథ్య సంగీతానికి బదులుగా పనిచేస్తుంది.

సబ్‌టైటిల్‌లో జారిపోయేది

పైన చెప్పిన శక్తి అంతా శబ్దంలో ఉంది కనుక, ఆంగ్ల సబ్‌టైటిల్ చదువుతూ చూసేవారికి దానిలో ఎక్కువ భాగం చేరదు. యోరూబా మూడు స్థాయిల స్వరం గల భాష. ఎత్తు, మధ్యమం, తగ్గు అన్న మూడింటిలో ఏ స్వరంలో పలికామన్నదాన్ని బట్టి మాట అర్థం మారిపోతుంది. తెలుగు లిపిలో ‘ఒకొ’ అని ఒకేలా రాయవలసిన మాట రెండు అక్షరాలూ మధ్యమంలో పలికితే భర్త. రెండోది ఎత్తితే పార. రెండోది తగ్గిస్తే పడవ లేదా బండి. రెండూ తగ్గిస్తే బల్లెం. ‘ఒగున్’ కూడా అంతే. మధ్యమంలో పలికితే యుద్ధం, మొదటిది తగ్గించి రెండోది ఎత్తితే ఇనుముకూ వేటకూ అధిదేవత. భర్తకూ బల్లేనికీ, యుద్ధానికీ దేవుడికీ మధ్య గొంతు ఎగువదిగువలే తేడా అయిన భాషలో, యుద్ధ కథ రాసేవాడికి ఎంత ఆట దొరుకుతుందో ఊహించవచ్చు. అదంతా సబ్‌టైటిల్‌లో ‘నీ బలం వట్టిపోవుగాక’ వంటి ఒక చప్పటి వాక్యంగా మిగులుతుంది.

ఈ సమస్య ఇక్కడితో ఆగదు. యోరూబా ‘మాట్లాడే డప్పు’ ఈ స్వరాలనే అనుకరిస్తుంది. కర్రతో కొడుతూ, మరో చేత్తో తాళ్లను నొక్కి శ్రుతిని మారుస్తూ వాయించేవాడు సామెతలను, స్తుతులను వినిపించగలడు. అంటే ఇలాంటి చిత్రాల్లో మనం వట్టి వాద్యమని అనుకునేది, తెలిసినవారికి వాక్యం కావచ్చు. దానికి సబ్‌టైటిల్ ఉండదు. సంభాషణలు పొడిగా ఉన్నాయని ఒక విదేశీ ప్రేక్షకుడు అంటే, అతడు అబద్ధం చెప్పడం లేదు. అతడికి అందినది పొడిగానే ఉంది. కానీ ఆ మార్కులు రచయిత ఖాతాలో తగ్గించడం న్యాయం కాదు.

శిబిరం, గుంపు, ఒళ్లు

సంప్రదాయంతో నిమిత్తం లేకుండా ఎవరికైనా తెలిసే బలాలూ చిత్రానికి ఉన్నాయి. ఎర్రమట్టి, మట్టిగోడ, ఎండుగడ్డి కప్పు, ముదురు నీలి నేత వస్త్రం కలిసి ఒకే వర్ణలోకంగా కనిపిస్తాయి. యోధుల సామూహిక గానం, అడుగుల తాళం శిక్షణ దృశ్యాలకు ఊపునిస్తాయి. ఆ గుంపులో ఒకడు కావాలన్న ఆశ గ్బోతిజాకు ఎందుకు కలిగిందో ఆ దృశ్యాలే చెబుతాయి. తర్వాత అదే గుంపు మనల్ని భయపెట్టడానికీ అక్కడే పునాది పడుతుంది. పోరాటాలు నృత్యానికి దగ్గరగా, వేగం తగ్గించి చూపినవి. నిజమైన కత్తియుద్ధపు అనుభూతి కోరేవారికి నచ్చకపోవచ్చు గానీ, ముసుగు నృత్యాల నేల మీద అది అసహజం కాదు. ఒగుందిజి భార్య ఎరిన్‌ఫున్తోగా ఫాథియా బలోగున్ మరో గట్టి నటన. ఆడవారు యుద్ధానికి ప్రేక్షకులుగా మిగలకపోవడం ఈ చిత్రపు మంచి ఎంపిక.

సంప్రదాయం పేరుతో సర్దిచెప్పలేనివి

ఇప్పుడు మూడో రకం లోపాలు. వీటిని యోరూబా తెలిసినవారి కొలతతోనే కొలిచి చూద్దాం.

మొదటిది శక్తికి హద్దు లేకపోవడం. చెట్లు గ్బోతిజా మాట వింటాయి. ఇది అందమైన ఊహ. ఇరోకో వంటి మహావృక్షంలో ఆత్మ ఉంటుందని నమ్మే సమాజంలో దానికి వేళ్లు కూడా ఉన్నాయి. యుద్ధమూ ఇనుమూ ఊపిరిగా బతికే గురువుకు ఎదురుగా కర్ర మాట వినే శిష్యుడిని నిలపడం చక్కని జోడింపు. అయితే ఆ లోకంలో బల్లెం పిడి కర్రే, తలుపు కర్రే, కోట ద్వారం కర్రే. అలాంటప్పుడు ఈ కుర్రవాడు ఎక్కడ గెలవలేడు, ఎందుకు గెలవలేడు అన్నది కథ ముందే గట్టిగా చెప్పాలి. చెప్పకపోవడం వల్ల, అతడు ఆపదలో పడినప్పుడు ఉత్కంఠ కన్నా ‘ఆ శక్తి ఇప్పుడేమైంది?’ అన్న సందేహం ముందు వస్తుంది. గమనించండి, ఒఫో సంప్రదాయంలో నియమం లేని శక్తి ఉండదు. ప్రతి మంత్రానికీ విరుగుడు ఉంటుంది, ప్రతి బలానికీ నిషేధం ఉంటుంది. కాబట్టి ఈ లోపం పరదేశి కొలతతో కాక, సొంత కొలతతోనే తేలుతుంది.

రెండోది ప్రేమకథ. గ్బోతిజా, ఇరోయినోగున్‌కితాన్‌ల మధ్య ఆకర్షణ మొదలైన వేగానికీ, తర్వాత కథ ఆ బంధం మీద మోపే భారానికీ పొంతన లేదు. చివరి భాగంలో కథ అడిగే త్యాగాలు మనసును తాకాలంటే, అంతకుముందు వారిద్దరూ యుద్ధం గురించి కాక మరేదైనా మాట్లాడుకునే ఒకటి రెండు నిదానమైన దృశ్యాలు అవసరం. రెండు గంటలు దాటిన నిడివిలో దానికి చోటు లేదనలేము. ఒక పరీక్ష తర్వాత మరో పరీక్ష పేర్చిన నడిమి భాగం ఆ చోటును తినేసింది. పరీక్షలు పెరిగేకొద్దీ గురువు దుర్మార్గం గురించి కొత్తగా తెలిసేది తగ్గుతుంది. తండ్రి మరణానికి ప్రతీకారమన్న ఆరంభపు పట్టు కూడా ఈ వరుసలో సడలిపోతుంది.

మూడోది ఒగుందిజి గతం. ఎవరినీ ఎదగనివ్వని గురువు శిబిరం పెట్టి శిష్యులను ఎందుకు తయారుచేస్తున్నాడన్నది ఈ పాత్రలోని అసలు వైరుధ్యం. నటుడు దాన్ని కళ్లలో చూపాడు, రచన మాత్రం తగినంత తవ్వలేదు.

గ్రాఫిక్స్ మీద రెండు వాదాలు

గ్రాఫిక్స్ తేలిపోయాయన్న విమర్శకు జవాబుగా కొందరు బడ్జెట్‌ను చూపుతారు. హాలీవుడ్‌లో ఒక దృశ్యానికి పెట్టే డబ్బుతో అక్కడ మొత్తం చిత్రం తీయాలని, కరెంటు కోతల దేశంలో జనరేటర్ ఖర్చు కూడా నిర్మాత మీదే పడుతుందని వారి వాదన. ఇది నిజమైన ఇబ్బందే. దీనికి ఎదురు వాదం ఏమిటంటే, అంతర్జాతీయ వేదిక మీద పక్కపక్కనే అన్ని దేశాల చిత్రాలూ ఉన్నప్పుడు ప్రేక్షకుడు ఖర్చు లెక్కలు చూసి సానుభూతి చూపడు. రెండింటిలోనూ బలముంది. అయితే ఈ చిత్రంలోనే జవాబు కొంత దొరుకుతుంది. శక్తిని శబ్దంతో, నటుడి ఒంటితో, ఊగే కొమ్మతో సూచించిన చోట్ల నమ్మకం కుదిరింది. కంప్యూటర్‌తో నేరుగా గీసి చూపిన చోట్ల చెదిరింది. మాటే ఆయుధమైన సంప్రదాయానికి ఖర్చులేని పద్ధతి చేతిలోనే ఉండగా, ఖరీదైన పద్ధతిని అరకొరగా అరువు తెచ్చుకోవడం నాకు వింతగా తోచింది.

మరో వివాదం మంత్రతంత్రాల గురించి. ఇలాంటి చిత్రాలు క్షుద్రాన్ని ఆకర్షణీయంగా చూపుతాయని నైజీరియాలో మత సంస్థలూ తల్లిదండ్రులూ ఆందోళన చెందడం పాత విషయమే. 2024 మే నెలలో ఆ దేశ సెన్సార్ బోర్డు, డబ్బు కోసం చేసే నరబలి వంటి తంతులను గొప్పగా చూపడాన్ని కట్టడి చేస్తామని ప్రకటించింది. పూర్వీకుల విజ్ఞానాన్ని, నేరాన్ని ఒకే గాటన కట్టవద్దని సినిమాలు తీసేవారి వైపు వాదన. ‘జాగున్ జాగున్’ వరకు చూస్తే, గ్బోతిజా శక్తి ప్రకృతితో సంభాషణ, ఒగుందిజి శక్తి ప్రాణాలను తాకట్టు పెట్టేది అన్న విభజన స్పష్టంగానే ఉంది.

పేరున్న చరిత్ర వైపు

ఈ చిత్రం తర్వాత అదే కోవ కొంత దారి మార్చింది. 2024లో నెట్‌ఫ్లిక్స్‌లోనే ‘గా’ అనే పేరుగల 18వ శతాబ్దపు ఒయో ప్రధాని కథతో ఒక చిత్రం, ఒయో పెత్తనం మీద తిరుగుబాటు నడిపిన లిసాబి అనే ఎగ్బా (యోరూబాల్లో ఒక తెగ) వీరుడి కథతో మరొకటి వచ్చాయి. ‘గా’ అనేకమంది రాజులను మరణానికి నెట్టి, చివరకు 1774లో అలాఫిన్ (ఒయో రాజు) అబియోదున్ చేతిలో పతనమయ్యాడు. లిసాబి పేరిట ఎగ్బాల పట్టణం అబెయోకుటాలో ఇప్పటికీ ఉత్సవం జరుగుతుంది. ఒగుందిజి కల్పిత పాత్ర కనుక అతడి శిబిరం ఇలా ఉండేది కాదని అభ్యంతరం చెప్పే చరిత్రకారుడు లేడు. ‘గా’, లిసాబిల విషయంలో వేషం దగ్గర నుంచి సంభాషణలోని మాండలికం దాకా ప్రతిదానికీ లెక్క అడగడానికి వారి వారసులు, వారి పట్టణాలు ఉన్నాయి.